ఆరును ఐదు చేసిన రాత్రులు

నవంబరు ఆఖరుకు మా ఊళ్ళో సూర్యుడు
మధ్యాహ్నం రెండున్నరకే దుకాణం కట్టేస్తాడు.
కాగితపు గుజ్జు మిల్లుకు ఆ సదుపాయం లేదు.
గడ్డకట్టిన సముద్రం ఒడ్డున, బాయిలర్ హాల్లో
నాకు రాత్రి షిఫ్టు, ఒక టార్చి,
ఇల్పో రౌతియో వదిలిపోయిన నోటుపుస్తకం.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ పైపుల పక్కన బతికాడు ఇల్పో.
మాట పొదుపు. రాతా అంతే:
"కడుగు. మళ్ళీ కడుగు. మూడోసారి ద్రావణంతోనే కడుగు."
"బుడగ చిక్కితే తక్కువ చూపిస్తుంది. తట్టు, కొట్టకు."
"నల్లపూత మురికి కాదు. రుద్దావో, చచ్చిందే."
"వాడిన ద్రావణం తిరిగి సీసాలో పొయ్యకు."
ఈ చివరిదాని కింద రెండు గీతలు,
పక్కన వేరే సిరాతో: "ఎవరు చెప్పినా సరే."

ఆవిరి మళ్ళీ నీరై తిరిగొచ్చే గొట్టంలో
ఏడో నంబరు సెన్సరు.
వట్టి నీటికి కరెంటు మొయ్యడం చేతకాదు,
ఏదో ఒకటి కలిస్తేనే దానికి భుజాలొస్తాయి.
మా హద్దు ఐదు మైక్రోసీమెన్లు.

డిసెంబరు మొదట్లో ఆరు చూపించింది.
ఇంజనీరు యార్మో ఫోన్లో ఆవలించాడు:
"ముసలిదైంది హెట్టా, సర్దెయ్."
రెండు బటన్లు. ఆరు ఐదయింది.
పది రోజులకు మళ్ళీ ఆరు. మళ్ళీ సర్దాను.
క్రిస్మస్ ముందురోజు ఇంకోసారి.
క్యాంటీన్లో నక్షత్రాల ఆకారపు జామ్ బిళ్ళలు వేడిగా ఉన్నాయి,
ఒక్క అంకె గొడవ ఎవడికి కావాలి?

జనవరిలో నాలుగోసారి ఆరు.
వేలు బటన్ దాకా వెళ్ళి ఆగింది.
ముసలిదైతే ఓసారి అటూ ఓసారి ఇటూ తూలాలి కదా,
ఇదేమిటి, ఒకే వైపు నడుస్తోంది
మంచులో కొట్టం దారి తెలిసిన రెయిన్‌డీర్‌లా?

కవాటాలు మూసి బయటికి తీశాను.
బుడగ లేదు. పొలుసు లేదు.
సీలు విప్పని సీసా ఒకటి వెతికి
చంకలో పెట్టుకుని నిలబడ్డాను,
ఇరవై ఐదు డిగ్రీలకు వచ్చేదాకా,
గుడ్డు పొదిగే పిట్టలా, కదలకుండా.
సీసా మీద ముద్ర ఎనభై నాలుగు.
ముంచాను.
నలభై తొమ్మిది.

అట్టపెట్టె మీద పెన్సిలుతో లెక్క కట్టాను:
ఆరుకు ఐదు, మళ్ళీ ఆరుకు ఐదు, మళ్ళీ.
ఎనభై నాలుగు దిగి దిగి అక్కడికే చేరింది.
ఆ లోటులో పిసరంత కూడా దానిది కాదు.
తక్కెడ పళ్ళెం కింద చింతపండు అంటించిన చెయ్యి
నాదే.
ఈ రాత్రి ఆరంటే, అసలు పది దాటిందన్నమాట.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు.
ఆ అర్ధరాత్రి దేవుణ్ణి లేపాల్సిన పని పడలేదు.

కండెన్సరులో వేల ఇత్తడి గొట్టాలు,
ఒకదానికి సూదిమొనంత చిల్లు.
మా సముద్రం పేరుకే సముద్రం,
నదులు కలిసి కలిసి పలచబడిపోయింది,
మంచినీటి చేపలు తిరిగేంత చప్పన.
నాలుక మీద పెట్టుకున్నా ఉప్పని తేల్చి చెప్పలేం.
ఏడో నంబరు తేల్చింది. డిసెంబరు నుంచీ చెబుతూనే ఉంది.
మేం దాని నోరు సర్దుతూ వచ్చాం.

తెల్లారేసరికి, అంటే పదిన్నరకి, బాయిలర్ ఆపారు.
యార్మో ఏమీ అనలేదు.
కాఫీ తెచ్చి నా పక్కన పెట్టాడు, చక్కెర మర్చిపోయి.

ఇల్పోకి ఫోన్ చేశాను. మంచులో బెజ్జం పెట్టుకుని
చేపలకు గాలం వేస్తున్నాట్ట. అంతా విన్నాడు.
చాలాసేపు గాలి చప్పుడు.
"ఏ సీసా?" అన్నాడు.
"కొత్తది."
"ఊఁ," అని పెట్టేశాడు.

నోటుపుస్తకంలో మూడు తేదీలు రాశాను,
మూడింటి ఎదురుగా నా పొడి అక్షరాలు.
గ్లాసులో మిగిలిన ద్రావణం ఇంకా తేటగానే ఉంది,
సీసా మూతి పక్కనే ఉంది.
సింకులో పారబోశాను.